ఫొటోలో నిలబడ్డ పిల్ల

నేను ముప్పై ఏళ్లకు దగ్గరగా పిల్లలతో ఆడుకుని జీతం తీసుకున్నాను. ఇది నా మాట కాదు, మా నాన్న మాట. మాది మల్యాల పక్కన ఊరు. ఆయన తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. హైదరాబాద్‌లో నాలుగేళ్లు చదివొచ్చిన కొడుకు ఏం వెలగబెడుతున్నాడో చూద్దామని ఒకరోజు జగిత్యాలలో మా సెంటర్‌కు వచ్చాడు. నేను అప్పుడు నేల మీద బోర్లా పడుకుని, నాలుగేళ్ల పిల్లవాడి ముందు గోధుమపిండి ముద్దతో పాము చేస్తున్నాను. ఆయన గుమ్మంలోనే కాసేపు నిలబడి చూశాడు.

"గిది నౌకరేనా?" అన్నాడు.

"నౌకరే బాపూ."

"జీతం ఇస్తున్నరా?"

"ఇస్తున్నరు."

"ఊళ్లె ఎవలకు చెప్పకు" అని వెనక్కి తిరిగి బస్టాండుకు నడిచాడు.

మీరు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నారు కాబట్టి ముందే చెబుతున్నాను. మీ ఇంట్లోవాళ్లకు కూడా మీరు చేసేదేమిటో అర్థం కాదు. ఆక్యుపేషనల్ థెరపీకి పుస్తకాల్లో పొడవాటి నిర్వచనాలున్నాయి. నాకు తెలిసింది ఇంతే: తినడం, బట్టలు వేసుకోవడం, ఆడుకోవడం, పలక పట్టుకోవడం లాంటి పనుల్లో ఒక పిల్లో పిల్లవాడో ఏది చేసుకోలేకపోతున్నారో చూసి, అది చేసుకునే దారి వెతకాలి. సూది లేదు, గోళీ లేదు, మెడలో స్టెతస్కోపు లేదు. అందుకని మమ్మల్ని డాక్టర్లని నమ్మరు. నా పేరు శ్రీనివాస్ అయినా మూడు ఊళ్లలోనూ నన్ను 'ఆటల సారు' అనే పిలిచారు.

మూడు ఊళ్లంటే వారం మొదట్లో జగిత్యాల, బుధవారం కోరుట్ల, శుక్ర శనివారాలు సిరిసిల్ల. చంకలో ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో పూసలు, రంగుల మేకులు, స్పాంజి బంతులు. ఆ డబ్బాకు కూడా కండక్టర్లు టికెట్ అడిగేవారు. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ ఫారం ఎన్ని కాపీలు పంపానో మీకు అక్కర్లేదు, నాకూ గుర్తులేదు. గుర్తున్నవి తప్పులు. వాటిలో రెండు చెబుతాను.

సిరిసిల్లలో నిద్రపోని పిల్లవాడు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. సత్యం అనే ఆయన ఇంట్లో నాలుగు సాంచెలు ఉండేవి. వాటి వెనకాల ఒక్క గది, ఆ గదిలో భార్య వినోద, నాలుగేళ్ల కొడుకు. పిల్లవాడు ముట్టుకుంటే ఏడుస్తాడు, మేక అరిస్తే ఏడుస్తాడు, కుక్కర్ కూత పెడితే మంచం కింద దూరతాడు. చప్పుడు పడని పిల్లలుంటారని నేను కాలేజీలో చదువుకున్నాను. ఆ ఇంట్లో సాంచెల చప్పుడుకు నా మాట నాకే వినబడలేదు. రెండూ కలిపాను. ఈ చప్పుడే మీ కొడుకు రోగం, వీణ్ని నిశ్శబ్దంగా ఉండే చోటికి తీసుకుపోండి అని చెవిలో అరిచి చెప్పాను.

మనం చెప్పింది చెప్పినట్టు చేసే కుటుంబం దొరికితే మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. వినోద ఆ సాయంత్రమే కొడుకును తీసుకుని వీర్నపల్లి దగ్గర తన తల్లిగారింటికి వెళ్లిపోయింది. వారం తిరిగి నేను బస్సు దిగేసరికి సత్యం బస్టాండులో కాచుకుని ఉన్నాడు.

"సార్, పోరడు వారం దినాలసంది పంటలేడు. మా అత్త పంటలేదు. మామ పంటలేడు. ఆ వాడకట్టు మొత్తం పంటలేదు. నిన్న సర్పంచ్ అచ్చి, మీ బిడ్డను అత్తగారింటికి తోలుండ్రి అన్నడట."

వాళ్లను వెనక్కి పిలిపించాం. పిల్లవాడు వచ్చీరాగానే ఆడుతున్న సాంచె పక్కన నేల మీద పడుకుని సాయంత్రం దాకా లేవలేదు. తల్లి కడుపులో ఉన్నప్పటినుంచీ వాడు విన్నది ఆ చప్పుడే. వాడికి పడనివి హఠాత్తుగా వచ్చే చప్పుళ్లు. సాంచె వాడికి జోలపాట. ఇంట్లో పది నిమిషాలు కూర్చుని, వీడు ఎప్పుడు హాయిగా ఉంటాడు అని ఒక్క మాట అడిగితే వినోద చెప్పేది. నేను అడగలేదు.

తర్వాత కొన్నాళ్లకు నూలు రావడం ఆగిపోయి సాంచెలు ఆగిపోయాయి. వీధి వీధంతా మూగబోయింది. మనుషులు అరుగుల మీద కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకునే రోజులవి. కొన్ని ఇళ్లలో జరగరానివి జరిగాయి, వాటిని నేను రాయలేను. ఒక మధ్యాహ్నం సత్యం ఇంట్లో సాంచె ఆడుతున్న చప్పుడు వినబడి వీధిలో సగం మంది పరుగెత్తుకొచ్చారు. నేను అక్కడే ఉన్నాను.

"పని అచ్చిందా సత్యం?" అని అడిగారు.

"రాలే. పోరన్ని పండవెడుతున్న" అన్నాడు సత్యం. సాంచె మీద ఒక్క పోగు లేదు.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ వెళ్లిపోనూ లేదు. పిల్లవాడు నిద్రపోయేదాకా ఆ ఉత్త సాంచె ముందు అలాగే నిలబడ్డారు. తర్వాతి నెల సత్యం సాంచెల పని వెతుక్కుంటూ మహారాష్ట్రలో భీవండికి పోయాడు. పోయేముందు ఒక పాత టేపురికార్డరులో రెండువైపులా సాంచె చప్పుడు నింపిపెట్టి పోయాడు. నా డబ్బాలోని పూసలు, మేకులు ఆ పిల్లవాడికి చేసినదానికన్నా ఆ క్యాసెట్ ఎక్కువ చేసింది.

మా మేడం

ఈ సంగతి మా పెద్దమేడంతో చెప్పాను. సుజాత మేడం మా సంస్థలో పిల్లల విభాగానికి అధికారి. నోరు పదును. మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు, పక్కవాళ్ల టిఫిన్‌లో పచ్చడి అడగకుండా తీసుకోవడం మాత్రం బాగా చేతనవును. అంతా విని, నా మామిడికాయ పచ్చడి నాకుతూ అంది.

"నీ డబ్బాల ఉన్నయి నీతోనే బస్సెక్కి పోతయి శ్రీనివాస్. ఆ ఇంట్ల ఉన్నయే ఆ ఇంట్ల ఉంటయి. ఏం జూసినా ఆ ఇంట్ల జూడు."

నేను తలూపాను. తలూపడానికీ నేర్చుకోవడానికీ మధ్య చాలా దూరం ఉందని కోరుట్లలో తెలిసింది.

అఖిల ఇంటి ఉత్తరాలు

అఖిలది కథలాపూర్ వైపు ఊరు. వాళ్లమ్మ పద్మ, నాయనమ్మ లసుమవ్వ ఆమెను ఎత్తుకుని ప్రతి బుధవారం కోరుట్లకు వచ్చేవారు. కాన్పు కష్టమై, పుట్టగానే ఏడవని పిల్ల. నాలుగేళ్లు వచ్చినా ఆసరా లేకుండా కూర్చోలేదు. మాట ఆలస్యం. కానీ కళ్లు మాత్రం మొత్తం గదిని లెక్కపెట్టుకుంటూ ఉండేవి.

తండ్రి గంగాధర్ గల్ఫ్‌లో ఉన్నాడు. బోర్లన్నీ ఎండిన ఏడాది, పిల్లకు ఎనిమిదో నెలలో వెళ్లాడు. మధ్యలో ఒకసారి రావలసినవాడు వీసా చిక్కుల్లో పడి రాలేకపోయాడు. పిల్ల ఇలా ఉందని అతనికి తెలియదు. చెప్పవద్దని లసుమవ్వ నిర్ణయం. ఎందుకని అడిగాను.

"చెప్తె ఆడు అక్కడ బువ్వ తినడు. తినకపోతె కండ్లు తిరుగుతయి. ఆడు చేసేది పది అంతస్తుల మీద పని. నువ్వే చెప్పు సారూ" అంది.

ఉత్తరాలు ఆమె చెబితే పద్మ రాసేది. మొదట్లో చిన్న అబద్ధాలే. పండ్లు వచ్చినయి, కూసుంటుంది, నిలవడుతుంది. లసుమవ్వకు రానురాను ఆ పనిలో రుచి పుట్టింది. పిల్ల నడిచింది, ఉరికింది, చివరికి పక్కింటి పిల్లవాణ్ని కొట్టిందని కూడా రాయించింది. అందుకు వాళ్లతో తగాదా అయిందని, తాను వెళ్లి సర్దిచెప్పానని రెండు పేజీలు.

అప్పుడు గంగాధర్ ఫొటో అడిగాడు.

తెర వెనకాల

ఒక బుధవారం నేను డబ్బా తెరుస్తుంటే లసుమవ్వ వచ్చి, "ఇయ్యాల ఆటలొద్దు. జెర స్టూడియోకాడికి రా సారూ" అంది.

స్టూడియో మొగిలిది. వెనక కాశ్మీరు కొండల పరదా, పక్కన పుట్టీతో చేసిన తెల్లని స్తంభం. మొగిలి అప్పటికే అఖిలను చున్నీతో కుర్చీకి కట్టి చూశాడు, దిండ్లు పెట్టి చూశాడు. పిల్ల నింపాదిగా జారిపోతోంది. జారిన ప్రతిసారీ నవ్వుతోంది.

"నేను పెండ్లిళ్లకు తీసిన, పీనుగులకు తీసిన. గిట్ల జారెటోళ్లకు ఎన్నడు తీయలే సార్" అన్నాడు మొగిలి.

పద్మ పిల్ల చంకలు పట్టుకుని వేలాడదీస్తోంది. అది చూసి నాలో చదువుకున్నవాడు ఊరుకోలేకపోయాడు. చంకలు కాదు, నడుం కింద ఎముకల దగ్గర పట్టుకోవాలి, మోకాళ్లు ముందుకు మడతపడకుండా ఆపాలి అని చెప్పాను.

"మరి నువ్వే పట్టుకో" అంది లసుమవ్వ.

అలా నేను, యూనివర్సిటీ పట్టా ఉన్నవాణ్ని, కాశ్మీరు కొండల వెనక మోకాళ్ల మీద కూర్చుని, పరదా చీలికలోంచి చేతులు చాపి, పిల్ల గౌను కింద ఒక చేత్తో నడుం, ఇంకో చేత్తో మోకాళ్లు పట్టుకున్నాను. మొగిలి తాళంచెవుల గుత్తి ఊపాడు. అఖిల తలెత్తింది. మోకాళ్లు నిటారుగా వచ్చాయి. మడమలు నేలకు ఆనాయి. నా సెంటర్‌లో ఆరు నెలలుగా రానిది అక్కడ వచ్చింది. నాకు ఎంత సంతోషమైందంటే ఫొటో సంగతే మరచిపోయాను.

"ఇంకోటి తియ్యి మొగిలీ, ఇంకోటి" అని తెర వెనకనుంచి అంటూనే ఉన్నాను. ఐదు తీశాడు. ఒకటి గల్ఫ్‌కు పోయింది, ఒకటి నాకిచ్చారు. స్తంభం మీద చెయ్యి వేసి, కాశ్మీరు ముందు రాణిలా నిలబడ్డ పిల్ల. దాన్ని నా డబ్బా మూతకు లోపల అంటించుకున్నాను.

మేడం ఒకరోజు ఆ మూత చూసి, ఎప్పటినుంచి నిలబడుతోంది అని అడిగింది. చెప్పక తప్పలేదు.

"నువ్వు థెరపిస్టువా, వేషాలు కట్టిచ్చెటోనివా?" అంది. ఆరోజు పచ్చడి కూడా ముట్టుకోలేదు.

నా తప్పు మాట

మరుసటి ఏడు పద్మ ఒక ఉత్తరం పట్టుకుని వచ్చింది. గంగాధర్ మూడు నెలల్లో, మక్కజొన్న కంకులు ఏరే రోజులకు, సెలవు మీద వస్తున్నాడు.

"నన్నేమన్న పడ్త సార్. కొట్టినా పడ్త. పిల్లను జూసి మొకం తిప్పుకుంటె మాత్రం నాతోని కాదు. మూడు నెలలున్నది. జెర నడిపియ్యి."

మూడు నెలల్లో నడవదు. ఎన్ని నెలలైనా తనంతట తాను నడుస్తుందో లేదో నాకు తెలియదు. ఆ మాటే చెప్పాలి. ఆమె ముఖం చూసి, "చూద్దాం" అన్నాను.

మీరు ఈ మాటను ఎన్నడూ వాడకండి. మనకు అది తప్పించుకునే మాట. తల్లికి అది మాటిచ్చినట్టు. నా వృత్తిలో నేను సిగ్గుపడేది తెర వెనక దూరినందుకు కాదు, ఆ 'చూద్దాం'కు.

అన్నాను కాబట్టి మొదలుపెట్టాను. కాళ్లకు చెక్కలు కట్టి నిలబెట్టాను. గోడకు ఆనించి నిలబెట్టాను. అఖిల ఏడ్చింది. ఏడ్చినా ఆపలేదు. నెల గడిచేసరికి ఆ పిల్ల నన్ను చూడగానే కళ్లు మూసుకోవడం మొదలుపెట్టింది. ఏడాదిన్నర నాతో ఆడుకున్న పిల్ల.

తర్వాతి వారం మేడం కోరుట్లకు వచ్చింది. పది నిమిషాలు గోడకు ఆనుకుని చూసింది. చెక్కలు విప్పించింది. తర్వాత నాతో కాకుండా లసుమవ్వతో మాట్లాడింది.

"అవ్వా, నీ కొడుకు ఇంటికి రాంగనే మొట్టమొదలు ఏమైతది?"

"ఏమైతది, కాళ్లకు నీళ్లిస్తం."

"ఎవలిస్తరు?"

"పద్మ ఇస్తది."

"పిల్ల ఎందుకియ్యదు?"

లసుమవ్వ పిల్ల చేతులు ఒళ్లోకి తీసుకుని తిప్పి చూసింది.

"పిల్ల నడుస్తదని వీడు చెప్పిండట" అని మేడం పద్మ వైపు తిరిగింది. "ఇప్పట్ల నడువది. అబద్ధం చెప్పిండు. చెంబు వంచుతదా అంటె, అది నేర్పొచ్చు. నేర్పాల్నా?"

పద్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "నేర్పుండ్రి" అంది.

మోకు

చెంబు వంచడం చిన్న పని అనుకుంటారు. అఖిల రెండు చేతులూ నేలకు ఆనించి కూర్చుంటుంది. ఒక చెయ్యి ఎత్తితే పడిపోతుంది. అంటే పడకుండా ఉండడానికే రెండు చేతులూ ఖర్చయిపోతున్నాయి. కుర్చీకి నడుం బెల్టు పెట్టాను, ముందుకు వాలింది. దిండ్లు పెట్టాను, పక్కకు జారింది. ఆదివారం ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని ఇదే చెబుతుంటే మా నాన్న విన్నాడు.

"నేను చెట్టుమీద రెండు చేతులతోని గీస్త. పడ్తనా?"

"నీకు నడుముకు మోకు ఉంటది గద బాపూ."

"మరి ఆ పిల్లకేది మోకు?"

గీసేవాడు చెట్టుకూ తన నడుముకూ కలిపి వేసుకునే తాడు మోకు. దాని మీద బరువంతా వెనక్కి వాల్చితేనే చేతులు ఖాళీ అవుతాయి. ఇది మా ఇంట్లో పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. దాన్నే నేను నాలుగేళ్లు ఇంగ్లీషులో చదివాను. రెండూ ఒకటేనని మాత్రం తోచలేదు.

మంగళవారం సాయంత్రం ఆయన పాత మోకు ముక్కకు తువ్వాలు చుట్టి జగిత్యాలకు తెచ్చాడు. మరునాడు ఇద్దరం అఖిల ఊరికి పోయాం. పెద్దరికంగా ఇల్లంతా చూసి, ముందరి గుంజ ఎంచుకున్నాడు. పిల్లను పీట మీద కూర్చోబెట్టి, తుంటి దగ్గరనుంచి గుంజకు కట్టాడు. బిగించలేదు, వెనక్కి వాలేటట్టు కొంచెం వదులు ఉంచాడు. అఖిల కాసేపు అటూ ఇటూ ఊగింది. తర్వాత నేలనుంచి ఒక చెయ్యి ఎత్తింది. రెండోది కూడా ఎత్తింది. ఖాళీ అయిన చేతులను ముఖం ముందు పెట్టుకుని, ఇవి ఎవరివి అన్నట్టు చూసుకుంది.

నాకు కళ్లనీళ్లొచ్చాయి. మా నాన్న బీడీ వెలిగించుకున్నాడు.

రెండు నెలలు ఆ వీధిలో కాళ్లు కడిగించుకోని మనిషి లేడు. మొదట లసుమవ్వ కాళ్లు. చిన్న స్టీలు చెంబు, అడుగున గుక్కెడు నీళ్లు. సగం పిల్ల గౌను మీద, సగం గాలికి. లసుమవ్వకు పడిశం పట్టింది. "పుట్టినకాడికెళ్లి నా కాళ్లు గింత తెల్లగ లేవు" అని దగ్గుతూనే చాపింది. తర్వాత పక్కింటివాళ్లు, పాలు పోసే ఆమె, ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మాన్. పోస్ట్‌మాన్ మాత్రం గుళ్లో దేవుడు పాదాలు చూపించినట్టు చూపించి, సైకిల్ ఎక్కి పోయేవాడు. అఖిలకు అధికారం రుచి తెలిసింది. కోళ్ల మీద పోసింది. నా సంచీలో పోసింది. నడక కోసం ఏడ్చిన పిల్ల, చెంబు లాక్కుంటే ఏడ్చింది.

గంగాధర్ వచ్చిన రోజు

ఆ రోజు నాకు అక్కడ పనేమీ లేదు. "మీరుంటె చెప్త, లేకుంటె నోరు రాదు" అని పద్మ అంటే వెళ్లాను. బొంబాయి బస్సు కోరుట్లలో దిగి, ఆటోలో వస్తాడు. వీధిలో అందరూ నిలబడ్డారు. కాళ్లు కడిగించుకున్న వాళ్లందరికీ ఇందులో భాగం ఉందన్న ధీమా. అఖిలను గుంజకు కట్టి, తల దువ్వి, బొట్టు పెట్టి కూర్చోబెట్టాం. పద్మ తలుపు వెనక ఉంది.

ఆటో ఆగింది. ఎండకు నల్లబడ్డ, బక్కపలుచని మనిషి దిగాడు. కొత్త ప్యాంటు, కొత్త చొక్కా, నల్లగా మెరిసే కొత్త బూట్లు. పిల్లను చూశాడు. గుంజనూ, తాడునూ చూశాడు. ఎవరినీ ఏమీ అడగకుండా నడిచొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"మీ బాపు బిడ్డా, పొయ్యి" అంది లసుమవ్వ.

రెండు నెలల సాధనలో ఊరంతటి కాళ్లూ కడిగించాం. అందరూ చెప్పులు విడిచి వచ్చినవాళ్లే. బూట్లతో ఒక్కసారి కూడా చేయించలేదు. ఇంత చదువుకున్న నాకూ తోచలేదు, అంత తెలివైన మేడానికీ తోచలేదు. అఖిల రెండు చేతులా చెంబు ఎత్తింది. మోచేతులు వణికాయి. నాలుక బయటపెట్టి, గురి చూసి, కుడి బూటులోకి పోయడం మొదలుపెట్టింది. బూటు నిండింది. పొర్లింది. పిల్ల ఆపలేదు, అతను కాలు తీయలేదు. చెంబు ఖాళీ అయింది.

పద్మ తలుపు వెనకనుంచి వచ్చింది. "గా ఫొటో..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"ఎరుకే" అన్నాడు గంగాధర్. నా వైపు తిరిగాడు. "గడియారం చెయ్యి నీదేనా సార్?"

నేను నా మణికట్టు చూసుకున్నాను. అతనికి పంపిన ఫొటోలో, గౌను అంచు కింద, నా నాలుగు వేళ్లూ గడియారం పట్టీ వచ్చాయట.

"మా రూముల పన్నెండు మందిమి. ఏడాదిసంది అందరికి ఒక్కటే పని, ఆ చెయ్యి ఎవలదని. ఫొటోగ్రాఫరుదని కొందరు, కాదని కొందరు. ఒకడు ఇంకోటి గూడ అన్నడు, ఆనితోని మాట బంద్ చేసిన. ఎవలైతేంది, నా బిడ్డను నిలవెట్టెటోడు ఒకడున్నడు గదా అనుకున్న."

ఎవరైనా నన్ను మెచ్చుకున్న సందర్భాలు కొన్ని ఉన్నాయి, ఏదీ అంత బరువుగా లేదు.

"మరి ఎరుకైతె అడుగకపోతివి" అంది పద్మ.

"అడిగితె నువ్వు చెప్తవు. చెప్తె నేను అక్కడ ఉంటనా?"

లసుమవ్వ ముందుకొచ్చింది. "గని కొడుకా, పక్కింటి పోరన్ని కొట్టింది మాత్రం నిజమే."

అతను నవ్వాడు. నవ్వుతూనే మట్టిలో కూలబడ్డాడు, పిల్లకు ఎదురుగా. బూటు విప్పి నీళ్లు ఒంపాడు. మేజోడు పిండి పక్కన పెట్టాడు. రెండు పాదాలూ కలిపి పీట ముందుకు చాపాడు. కట్టడాల మీద సున్నం తిన్న పాదాలు, పగిలి తెల్లగా ఉన్నాయి.

"గవ్వి బూట్లకు పోసినవు బిడ్డా. ఇగ కాళ్లకు పొయ్యి" అన్నాడు.

అఖిల చెంబు వంచింది. అందులో ఏమీ లేదు. తల తిప్పి వాళ్లమ్మను చూసి, ఎప్పుడూ కోళ్లను అదిలించడానికే వాడే గొంతుతో, "నీళ్లు" అని అరిచింది. పద్మ పరుగెత్తింది.